బావ సిలిండర్‌లో మిగిలిన గాలి

రేపల్లెలో మా అక్క ఇంటి ముందుగదిలో, పుస్తకాల బీరువా పక్కన, మా బావ నీళ్ళలోకి దిగేటప్పుడు వీపుకి కట్టుకునే ఇనుప సిలిండరు చాలా ఏళ్ళు నిలబడి ఉండేది. దాని మెడకి గుండ్రటి ఇత్తడి పెట్టె బిగించి ఉండేది. ఆ పెట్టెకి రెండు వైపులా ముడతల రబ్బరు గొట్టాలు, అవి రెండూ కలిసేచోట పళ్ళతో కరిచి పట్టుకునే రబ్బరు ముక్క. సిలిండరులో కుక్కిన గాలిని, మనిషి పీల్చినప్పుడు మాత్రమే, పీల్చినంత మాత్రమే వదలడం ఆ ఇత్తడి పెట్టె పని. దాన్ని రెగ్యులేటర్ అంటారు. రెండు గొట్టాల రకం ఎప్పుడో పాతబడిపోయింది. ఇప్పటి డైవర్లలో చాలామంది దాన్ని బొమ్మల్లో తప్ప చూసి ఉండరు. బావకి మాత్రం అదే ఇష్టం. ఊపిరి వదిలితే బుడగలు మొహం ముందు నుంచి కాకుండా మెడ వెనకనుంచి పోతాయని, చేస్తున్న పని కంటికి అడ్డం లేకుండా కనిపిస్తుందని చెప్పేవాడు.

బావ చాలాకాలం ఓడరేవుల్లో డైవరుగా పనిచేశాడు. ఓడల అడుగున పట్టిన నాచు, గవ్వలు గీకడం, పగుళ్ళు చూసి చెప్పడం ఆయన ఉద్యోగం. అది మానేసి రేపల్లె వచ్చేశాక కూడా, నిజాంపట్నంలో బోటు పంకాకి వల చుట్టుకుపోతే ఆయనకే కబురొచ్చేది. కాలవల్లో ఎవరైనా మునిగిపోతే పోలీసులూ ఆయన్నే పిలిచేవారు. మోకాళ్ళు మొరాయించాక నీళ్ళలోకి దిగడం మానేశాడు. సిలిండరులో మాత్రం సగం దాకా గాలి ఉంచేశాడు. ఖాళీగా పెడితే లోపలికి చెమ్మ చేరి పాడైపోతుందని ఆయన లెక్క. డైవర్లందరూ అలాగే చేస్తారట.

ఆ సగం సిలిండరే తర్వాత మా అక్క బతుకులోకి ముల్లులా దిగింది.

కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజుల్లో బావకి ఊపిరి అందడం తగ్గిపోయింది. ఆ రోజులు ఎవరికీ మళ్ళీ వర్ణించి చెప్పక్కర్లేదు. ఎక్కడా మంచం లేదు, ఎక్కడా ఆక్సిజన్ లేదు. నేను తెనాలిలో ఆసుపత్రుల గేట్ల దగ్గర తిరుగుతూ ఫోన్లు చేస్తున్నాను. రేపల్లెలో అంబులెన్సు కోసం చూస్తున్నారు. ఆ సమయంలో పక్కవీధిలో ఉండే బావ అక్కగారు పరుగున వచ్చింది. బావకి తల్లి చిన్నప్పుడే పోతే ఎత్తుకుని పెంచింది ఈవిడే. మా అక్కకీ నాకూ వదిన. ఆవిడ తమ్ముణ్ణి చూసింది, బీరువా పక్కనున్న సిలిండరుని చూసింది. ఇంట్లో సిలిండరు పెట్టుకుని ఊరంతా ఆక్సిజన్ కోసం దేవులాడతారేంటని, వెంటనే దాన్ని ఆయన నోటికి పెట్టమని కేకలు వేసింది. గుమ్మంలో చేరిన వాళ్ళు అవునంటే అవునన్నారు. ఇద్దరు ముందుకొచ్చి దాన్ని ఎత్తబోయారు కూడా.

మా అక్క సిలిండరుకి అడ్డం నిలబడింది. అందులో ఉన్నది ఆక్సిజన్ కాదని, మనమిప్పుడు పీలుస్తున్న మామూలు గాలేనని, దాన్ని పీల్చాలంటే ఇంకా బలంగా లాగాలని, ఆయనకి ఆ ఓపిక లేదని చెప్పింది. అక్క రేపల్లెలో కాలేజీ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పి రిటైరైంది. ఆవిడ చెప్పిన ప్రతి మాటా నిజం. అంబులెన్సు వచ్చింది. వేమూరు దాటకముందే బావ పోయాడు.

దహనానికి మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు. మా ఇంట్లో కర్మకాండలు లేవు, అక్కాబావల పెళ్ళి కూడా పురోహితుడు లేకుండా సభలో జరిగిందే. అందువల్ల పదోరోజూ లేదు, పిండాలూ లేవు. ఏడవడానికి ఒక పద్ధతి లేకుండా పోయింది అందరికీ. వదిన మాత్రం ఒక వాక్యం పట్టుకుంది. "ఇంట్లో గాలి పెట్టుకుని నా తమ్ముడి నోటికి అందనివ్వలేదు." ఆ వాక్యం వీధులు తిరిగింది. కూరలమ్మేవాళ్ళకి తెలిసింది. అక్క దగ్గర చదువుకున్న పిల్లలకీ తెలిసింది. ఎదురుపడి ఎవరూ అనలేదు. కానీ ముందుగదిలోకి వచ్చి కూర్చున్న ప్రతివాడి చూపూ ఒకసారి బీరువా పక్కకి వెళ్ళేది.

నాకు ఒళ్ళు మండిపోయింది. జీవితమంతా వాదనల్లోనే పెరిగిన మనిషిని. గ్రహణం రోజున వీధిలో కూర్చుని అందరి ముందూ అన్నం తినే ఇంట్లో పుట్టాను. గాలికీ ఆక్సిజన్‌కీ తేడా తెలియని జనం ఒక శాస్త్రం చదివిన స్త్రీని హంతకురాలిని చేస్తుంటే ఎలా ఊరుకుంటాను? సిలిండరు ఆకారంలో ఉన్నదల్లా ప్రాణం పోస్తుందని నమ్మడానికీ, తాయెత్తు ఆకారంలో ఉన్నదల్లా రోగం తీస్తుందని నమ్మడానికీ తేడా లేదని ఒక వ్యాసం రాశాను. అది అచ్చయ్యాక అక్కకి పంపాను. అక్క చదివి ఫోన్ చేసింది.

"బాగుందిరా. ఆయన గురించి ఒక్క ముక్క లేదు" అంది.

కిందటేడు వానలు తగ్గాక అక్క నన్ను రేపల్లె రమ్మంది. వెళ్ళేసరికి సిలిండరుని గది మధ్యకి జరిపి, పక్కన పీట వేసుకుని కూర్చుని ఉంది. దీన్ని బాగుచేయించాలి, మళ్ళీ నీళ్ళలో దింపాలి, దిగేది నేనే అంది. చిన్నప్పుడు వీధి వీధంతా నోరు నొక్కుకున్నా మా నాన్న అక్కకి కాలవలో ఈత నేర్పాడు. కాబట్టి నీళ్ళ భయం లేదు. నన్ను ఆశ్చర్యపరిచింది రెండో మాట. బాగుచేసే ముందు ఆ లోపల గాలిలో ఆక్సిజన్ ఎంత ఉందో కొలిపించాలంది.

నేను ఒప్పుకోలేదు. ఆరోపణ చేసినవాళ్ళే రుజువు తేవాలి గానీ, పడ్డవాళ్ళు పరీక్షకి నిలబడకూడదన్నాను. సీతని నిప్పుల్లో దూకమన్నవాళ్ళకీ నీకూ తేడా ఏముందన్నాను. ఈ కొలతకి ఒప్పుకోవడమంటే వదిన మాటలో అర్థం ఉందని ఒప్పుకోవడమేనన్నాను. అక్క అంతా వింది. వాదన పూర్తయ్యేదాకా అవతలివాళ్ళని ఆపకూడదని మా ఇంట్లో అలవాటు.

"రుజువు వాళ్ళకి కాదురా" అంది.

బావతో కలిసి ఓడరేవుల్లో పనిచేసిన ఒకాయన బాపట్లలో ఉంటాడు. ఇప్పుడు పిల్లలకి ఈత నేర్పుతూ, మిగిలిన సమయంలో డైవింగు సామాన్లు బాగుచేస్తుంటాడు. ఆయన్ని పిలిపించాం. ఆయన ముందు రెగ్యులేటర్‌ని విప్పదీశాడు. గొట్టాలు మెత్తబడి, ఉబ్బి, వేలు పెడితే జిగురుగా అంటుకున్నాయి. ఎండకి రబ్బరు బీటలు వారుతుంది గానీ ఇలా అవదే, నూనె ఏమైనా పడిందా అని అడిగాడు.

అప్పుడు చెప్పింది అక్క. బావ పోయినప్పటి నుంచి వదిన ప్రతి శుక్రవారం వస్తుంది. అక్కతో మాట్లాడదు. తిన్నగా బీరువా దగ్గరికి వెళ్ళి, కొబ్బరినూనె గుడ్డతో ఆ గొట్టాలన్నీ తుడుస్తుంది, ఇత్తడి పెట్టెకి కుంకుమ పెడుతుంది, వెళ్ళిపోతుంది. చిన్నప్పుడు తమ్ముడి తలకి రాసినట్టే రాస్తుందట. పోయిన మనిషి వస్తువు ఎండిపోకూడదని రాసిన ఆ నూనే రబ్బరుని లోపలినుంచి తినేసింది.

"నువ్వు చూస్తూ ఊరుకున్నావా?" అన్నాను.

"ఆవిడకి రాయడానికి ఇంకేం మిగిలిందిరా" అంది అక్క.

ఇత్తడి పెట్టె మూతకి నీళ్ళు లోపలికి వెళ్ళడానికి చిన్న చిన్న రంధ్రాలుంటాయి. లోపల పల్చటి రబ్బరు పొర ఉంటుంది. నీటి ఒత్తిడి ఆ పొర మీద పడితేనే గాలి ఎంత వదలాలో ఆ పెట్టెకి తెలుస్తుంది. రంధ్రాలన్నీ కుంకుమతో పూడిపోయి ఉన్నాయి. భక్తి ఎక్కడ పెట్టినా ఊపిరి ఆపేస్తుందని నాలోని ఉపన్యాసకుడు లేచాడు. అక్క పాత పళ్ళబ్రష్షు తెచ్చుకుని, సబ్బునీళ్ళలో ముంచి, ఒక్కో రంధ్రాన్నీ తోమడం మొదలుపెట్టింది. పళ్ళెంలో నీళ్ళు ఎర్రబడుతుంటే నేను వాటిని పారబోసి మంచినీళ్ళు పట్టుకొచ్చాను.

లోపలి భాగాలు కొన్ని విప్పడానికి మామూలు పానా పనికిరాదు. ఆ ఇత్తడి పెట్టెని సంచిలో వేసుకుని తెనాలి తెచ్చాను. మా వీధి చివర లేతు మిషను నడిపే పెద్దాయన నేను కుర్రాడిగా ఉన్నప్పటి నుంచీ తెలుసు. అందరం భాయ్ అంటాం. ఆయన కళ్ళజోడు పైకి తోసి దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఏంటి సార్ ఇది, హుక్కానా?"

"కాదు భాయ్. నీళ్ళ కింద ఊపిరి పీల్చేది."

"పైన పీల్చడానికే కష్టంగా ఉంది. మళ్ళీ కిందకెందుకు సార్?"

అంటూనే ఆయన లేతు మిషను వైపు తిరిగాడు. రెండు కాళ్ళ పానా ఒకటి తయారుచేసి ఇచ్చాడు.

ఇలాంటి పాత రెగ్యులేటర్లంటే ప్రాణం పెట్టేవాళ్ళు పరదేశాల్లో ఉన్నారు. వాళ్ళ దగ్గర నుంచి కొత్త గొట్టాలు, కొత్త పొర, గాలి బయటికి పోయే రబ్బరు నాలుక తెప్పించాం. పచ్చగా చిలుం పట్టిన ఇత్తడిని అక్క నీళ్ళు కలిపిన వెనిగరులో నానబెట్టి శుభ్రం చేసింది. రోజూ కాస్త కాస్త. కాలేజీలో ప్రయోగాలు చేయించినట్టే, ఏ ముక్క ఎక్కడ నుంచి తీసిందో గుడ్డ మీద వరసగా పెట్టుకుని చేసింది. చివరికి మిగిలింది నోట్లో పెట్టుకునే రబ్బరు ముక్క. దానిమీద బావ పళ్ళ గాట్లు ఉన్నాయి. కింద ఎడమ పక్కన ఆయనకి ఒక పన్ను వంకర. ఆ వంకర కూడా అక్కడ ఉంది. బాపట్ల ఆయన దాన్ని నలిపి చూసి, ఇది పనికిరాదమ్మా, నీళ్ళలో తెగిపోతే ప్రమాదం అన్నాడు. అక్క కొత్తది బిగించింది. పాతదాన్ని ఏంచేసిందో నేను అడగలేదు.

గాలి కొలవడానికి బాపట్ల ఆయన చేతిలో పట్టేంత మీటరు ఒకటి తెచ్చాడు. సిలిండరుని పెరట్లోకి మోసుకెళ్ళాం. ముందు మీటరుని ఉత్తగాలిలో పట్టుకున్నాడు. ఇరవై ఒకటి దగ్గర నిలబడింది. మనం పీల్చే గాలిలో నూటికి అంత ఆక్సిజన్. తర్వాత సిలిండరు వాల్వు కొద్దిగా తిప్పాడు. తడిసిన ఇనుము వాసన వచ్చింది. అంకెలు దిగడం మొదలైంది. పందొమ్మిది, పదిహేడు. నేను మీటరు పాడైందనుకున్నాను. పద్నాలుగు దగ్గర ఆగింది. ఆయన మళ్ళీ ఉత్తగాలిలో పెట్టి చూపించాడు. ఇరవై ఒకటి. మళ్ళీ సిలిండరు దగ్గర. పద్నాలుగు.

అక్కకి నాకంటే ముందు అర్థమైంది. సిలిండరు ఇనుము. లోపల ఎంతో కొంత చెమ్మ. ఇన్నేళ్ళూ ఆ లోపలి గోడలు తుప్పుపడుతూ ఉన్నాయి. తుప్పు పట్టడమంటే గాలిలో ఆక్సిజన్‌ని ఇనుము తినడమే. క్లాసులో మేకులని నీళ్ళలో వేసి ఎన్ని బ్యాచ్‌లకి చూపించిందో ఆవిడ. బావ పోయిననాటికే ఆ గాలిలో ఆక్సిజన్ బాగా తగ్గిపోయి ఉండాలి. ఆ రోజు దాన్ని ఆయన నోటికి పెట్టి ఉంటే, గదిలో గాలిలో దొరుకుతున్నది కూడా దొరికేది కాదు.

నాకు గెలిచినట్టే అనిపించింది. దాచడం ఎందుకు? గట్టిగా ఊపిరి వదిలాను. ఇంక ఎవడు నోరెత్తుతాడో చూద్దాం అన్నాను. అక్క తులసికోట లేని ఆ పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుంది.

"నాకు అప్పుడు ఈ తుప్పు సంగతి గుర్తేలేదురా" అంది. "మామూలు గాలే అనుకున్నాను. మామూలు గాలి వల్ల లాభం లేదని అడ్డం నిలబడ్డాను. నష్టం కూడా లేదు కదా, ఆయన నోట్లో ఆయన వస్తువు పెట్టనివ్వాల్సింది కదా అని ఇన్నాళ్ళూ అనుకుంటూనే ఉన్నాను. ఆయన దానివైపు చూశాడు. నువ్వు లేవుగా, నీకు తెలీదు. నేను అడ్డం నిలబడితే పక్కకి తల వంచి మరీ చూశాడు."

నేను చెప్పగలిగిందంతా చెప్పాను. చేసిన పని సరైనదేనని తేలిందిగా అన్నాను. సరైనదే, కానీ తెలిసి చెయ్యలేదుగా అంది. అక్కడ నా వాదన అయిపోయింది. ఇంత బతుకు బతికి, రుజువు దొరికితే దుఃఖం తగ్గుతుందని ఎక్కడో నమ్ముతూ వచ్చానని అప్పుడే తెలిసింది. దానికీ రుజువు లేదు.

వాల్వు పూర్తిగా తెరిచింది అక్కే. గాలి చాలాసేపు బుస్సుమంటూ పోయింది. ఆ గాలి కుక్కించింది బావ, బిగించింది ఆయన చెయ్యి. అది అయిపోయేదాకా అక్క దాని ఎదురుగా అరచెయ్యి పెట్టుకుని ఉంది. తర్వాత బాపట్ల ఆయన వాల్వు ఊడదీసి సిలిండరుని తలకిందులు చేస్తే ఎర్రటి పొడి కుప్పగా రాలింది. ఇంక ఇది పనికిరాదని, ఎవరూ పొరపాటున వాడకుండా దీనికి కన్నం వేసేస్తానని తీసుకుపోయాడు. రెగ్యులేటర్‌కి తన దగ్గరున్న మంచి సిలిండరు ఇస్తానన్నాడు.

అక్క వద్దన్నా నేను వదిన ఇంటికి వెళ్ళాను. ఆవిడ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. నిలబడే మొత్తం చెప్పాను. తుప్పు, మీటరు, ఇరవై ఒకటి, పద్నాలుగు. సభలో చెప్పినట్టు చెప్పాను. ఆవిడ చెయ్యి ఆపకుండా వింది.

"అయితే ఏంటంటావు? నీ మీటరు చెప్పిందని నేనిప్పుడు ఏడవడం మానెయ్యాలా?"

"మా అక్కని అనడం మానెయ్యండి వదినా."

"ఎవర్నో ఒకర్ని అనాలి కదయ్యా. దేవుణ్ణి అందామంటే మీ ఇంట్లో దేవుడే లేడాయె."

తిరిగి వస్తుంటే వెనకనుంచి అడిగింది, తమ్ముడి సామాను నీళ్ళలోకి ఎప్పుడు దింపుతున్నారని. చెప్పాను. నేనూ వస్తానంది.

అక్క కొన్ని వారాలు బాపట్లలో ఈతకొలనులో నేర్చుకుంది. గొట్టంలోకి నీళ్ళు వస్తే ఎలా ఊదెయ్యాలో, కంగారు పడకుండా ఎలా పైకి రావాలో బాపట్ల ఆయన ఓపిగ్గా నేర్పాడు. చలికాలంలో, అలల ఎత్తు తగ్గి ఉన్న ఒక ఉదయం సూర్యలంక వెళ్ళాం. నేను, అక్క, వదిన, ఆయన. వదిన కారులో ముందు సీట్లో కూర్చుంది. ఈసారి కొబ్బరినూనె తేలేదు. ఒక పాత తువ్వాలు మాత్రం మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

అలలు విరిగే చోటు దాటించి, భుజాల లోతులో బాపట్ల ఆయన మా అక్క చెయ్యి పట్టుకుని ఆగాడు. మా అక్క నెరిసిన జుట్టు మీద ముఖానికి పెట్టుకునే అద్దం సర్దుకుంది. కొత్త రబ్బరు ముక్క నోట్లో పెట్టుకుంది. తల నీళ్ళలోకి వెళ్ళిపోయింది.

ఒడ్డున నిలబడిన నాకు ఏమీ కనిపించలేదు. బురద రంగు నీళ్ళు. కాసేపటికి కొంచెం అవతలగా బుడగలు గుంపుగా లేచాయి. ఆగాయి. మళ్ళీ లేచాయి. బుడగలకీ బుడగలకీ మధ్య ఎడం ఉంటుంది. అది ఊపిరి లోపలికి పీల్చే సమయం. అది తెలిసినా ఒక్కో ఎడాన్నీ నేను లెక్కపెడుతూనే ఉన్నాను. వదిన తువ్వాలు గుండెకి హత్తుకుని, అవి లేచినప్పుడల్లా పెదాలు కదిలిస్తోంది. జపం అనుకున్నాను. దగ్గరికి వెళితే వినిపించింది. "పీల్చు నాయనా, పీల్చు" అంటోంది. కింద ఉన్నది మా అక్క. వదిన పిలుస్తున్నది మా అక్కని కాదు.

ఒక పెద్ద అల వచ్చి బుడగలని చెరిపేసింది. తర్వాత చాలాసేపు ఏమీ లేవలేదు. వదిన చీర కుచ్చిళ్ళు తడుస్తున్నా నీళ్ళలోకి నడిచింది. మోకాళ్ళ దాకా, నడుము దాకా. నేను వెనకాలే వెళ్ళి భుజం పట్టుకున్నాను. అప్పుడు మేము చూస్తున్న చోట కాకుండా, ఇంకా ఇటుగా, అక్క తల పైకి లేచింది. బాపట్ల ఆయన పక్కనే ఉన్నాడు. అక్క నోట్లోంచి గొట్టం తీసి దగ్గింది, రెండు చేతులతో మొహం మీది నీళ్ళు తుడుచుకుంది.

వదిన ఆవిడకి ఎదురెళ్ళింది. బావ పోయాక వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని మాట్లాడుకోవడం నేను చూడలేదు. తువ్వాలు విప్పి అక్క తలమీద కప్పింది. అల వాళ్ళిద్దర్నీ కాస్త కుదిపి వెళ్ళింది.

"ఊపిరి ఆడిందా?" అని అడిగింది వదిన.

"ఆడింది వదినా."

"వాడికే ఆడలేదు."

"ఆడలేదు" అంది మా అక్క.

ఇద్దరూ అక్కడే, నడుము లోతు నీళ్ళలో నిలబడి ఏడ్చారు. బాపట్ల ఆయన సిలిండరు భుజాన వేసుకుని ఒడ్డుకి వచ్చేశాడు. వాళ్ళని పిలవబోతే నన్ను వద్దన్నాడు.